మూడో గుమ్మం

ఈ సందేశం మంచివాళ్ళకు. చెడ్డవాళ్ళ సంగతి చూడ్డానికి చట్టం ఉంది, పోలీసు స్టేషన్ ఉంది, ఎంత నత్తనడక నడిచినా కోర్టు ఉంది. ఎవరినీ కొట్టకుండా, తిట్టకుండా, పండక్కి పనిమనిషికి చీర పెట్టి, పిల్లలకు అందరూ ఒక్కటేనని చెప్పే మనలాంటి వాళ్ళ సంగతి చూసేవాళ్ళే లేరు. మనకు మనమే ఎప్పుడో మంచివాళ్ళమని సర్టిఫికెట్ ఇచ్చేసుకున్నాం. ఆ సర్టిఫికెట్‌ను ఒకసారి బల్లమీద పెట్టి, నలుగురం కలిసి చదువుదామని పిలవడానికే ఇది రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఇళ్ళు చూపించే ఏ బ్రోకర్‌నైనా కదిపి చూడండి. మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు ఉంటుంది. ఓనరు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఫోను మాటలు కాస్త అటూ ఇటూగా ఇలా నడుస్తాయి.

"సార్, పార్టీ దొరికింది. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. అడ్వాన్స్ రెడీగా ఉంది."

"ఏమిట్లు?"

"అడగలేదు సార్. పేరు చివర ఏం లేదు."

"ఇంటిపేరు కనుక్కో. మరేం లేదు, అమ్మ పక్క ఫ్లాటే కదా, పూజలూ అవీ ఉంటాయి. వెజ్జేనా?"

"నాన్‌వెజ్ తింటారంట సార్."

"మనమూ తింటాంలే. అది కాదు... సరే, ఇంకెవరైనా ఉన్నారేమో చూడు. వీళ్ళకి మా కజిన్ దిగుతున్నాడని చెప్పు. బాధపెట్టకు."

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగండి. బాధపెట్టకు. ఎంత మర్యాదస్తుడు! ఒక్క తప్పు మాట దొర్లలేదు. ఏ కులం పేరూ, ఏ మతం పేరూ ఎత్తలేదు. రికార్డు చేసి వినిపించినా కేసు నిలబడదు. అవతల అడ్వాన్సు చేత్తో పట్టుకుని నిలబడిన దంపతులకు మాత్రం నాలుగో ఇంట్లోనూ, ఐదో ఇంట్లోనూ ఓనరుగారి కజినే దిగుతున్నాడు. వాళ్ళకు అర్థం కాదనుకుంటున్నారా? మొదటి ఇంటి గేటు దగ్గరే అర్థమైంది. బ్రోకర్ మొహం చూస్తూ తలూపారంతే.

ఇదే పెద్దమనిషి టెక్సాస్‌లో దిగి అపార్ట్‌మెంట్ వెతుక్కున్న రోజున అక్కడి మేనేజర్ ఆయన్ను మీరేమిట్లని అడగలేదు. అడిగి, ఆ కారణంతో ఇల్లు లేదంటే చిక్కుల్లో పడతాడు. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లివ్వకపోవడం 1968 నుంచి అక్కడ చట్టవిరుద్ధం. ఆ ఏడాది ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. వారం తిరిగేసరికి, 11వ తేదీన, ఆ చట్టం మీద అధ్యక్షుడి సంతకం పడింది. అంతకు రెండేళ్ళ ముందు చికాగోలో, నల్లవాళ్ళకు ఇళ్ళివ్వని పేటల గుండా ఊరేగింపు తీస్తుంటే ఎవరో విసిరిన రాయి కింగ్ తలకు తగిలింది. ఆ రాయి తగిలిన తల పుణ్యాన మనవాడి చేతికి ఫ్రిస్కోలో తాళంచెవి వచ్చింది. ఆ తాళంచెవి జేబులో వేసుకునే, మియాపూర్‌కు ఫోన్ చేసి ఇంటిపేరు కనుక్కోమన్నాడు.

మన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర కులమతాల పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని పదిహేనో అధికరణంలో పేరుపేరునా చెప్పింది. ఆ జాబితాలో అద్దె ఇల్లు లేదు. ఆ సందులోంచే మన మర్యాదంతా నడుస్తోంది.

2017 ఫిబ్రవరి 22 రాత్రి కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు కాల్చి చంపాడు. మా దేశం వదిలి పొమ్మని అరిచి మరీ కాల్చాడు. శ్రీనివాస్‌నూ, పక్కనున్న స్నేహితుడినీ ఇరానీయులనుకున్నాడట. పట్టుకోబోయి తూటా తిన్న ఇయాన్ గ్రిలట్ తెల్లవాడు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ రోజు కంట తడి పెట్టని ఇల్లు లేదు. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లులు రాత్రుళ్ళు నిద్రపోలేదు. నెల దాటిందో లేదో, మార్చి 27న గ్రేటర్ నోయిడాలోని ఒక మాల్‌లో నైజీరియా విద్యార్థులను గుంపు చేరి కుర్చీలతో చావబాదారు. ఆ వీడియో మనవాళ్ళ ఫోన్లలోకీ వచ్చింది. డ్రగ్స్ అమ్మేవాళ్ళే కదా అన్న మాట ఎంత సులువుగా నోటికి వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. కాన్సాస్ హంతకుడు మనవాళ్ళను చూసిన చూపుకూ ఆ మాటకూ తేడా ఉంటే చెప్పండి. మనిషి మొహం చూసి ఒక దేశం మొత్తాన్ని, ఒక నేరం మొత్తాన్ని అతని నెత్తిన పెట్టడమే రెండు చోట్లా జరిగింది.

దెబ్బ తిన్నవాడికి నొప్పి తెలుస్తుంది, అవతలివాడిని కొట్టడు అనుకుంటాం. చరిత్ర అలా చెప్పడం లేదు.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకుని దక్షిణాఫ్రికాలోని నాటాల్ రేవు డర్బన్ చేరింది. ఆ ఓడలోనూ, దాని వెనక వచ్చిన ఓడల్లోనూ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. చెరకు తోటల్లో ఎముకలు విరిగేలా పనిచేసిన ఆ కూలీల పిల్లలే తర్వాత అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ డర్బన్‌లో 1890ల నాటికి తపాలా కార్యాలయానికి రెండు గుమ్మాలుండేవి. ఒకటి తెల్లవాళ్ళది. రెండోది ఆఫ్రికన్లకూ, భారతీయులకూ కలిపి. అక్కడి భారతీయుల సంఘం దీని మీద అర్జీ పెట్టింది. దాన్ని నడిపిస్తున్న యువ న్యాయవాది మోహన్‌దాస్ గాంధీ. అంతకు కొంత ముందు, 1893 జూన్‌లో, పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో చలిలో రైల్లోంచి గెంటించుకున్న మనిషి ఆయన. అర్జీ ఫలించింది. ఆఫ్రికన్లకు వేరుగా, ఆసియావాళ్ళకు వేరుగా, తెల్లవాళ్ళకు వేరుగా గుమ్మాలు వచ్చాయి. సంఘం దాన్ని విజయంగానే రాసుకుంది.

మూడో గుమ్మం! గోడ కూలగొట్టమని అడగాల్సిన చోట, మా గుమ్మం మాకు కావాలని అడిగి తెచ్చుకున్నాం. గాంధీ తర్వాతి జీవితంలో ఎంతో మారారు, ఆ మార్పును కాదనేవాళ్ళు లేరు. అయినా 2018 డిసెంబరులో ఘనా విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలోంచి ఆయన విగ్రహాన్ని తీసేసినప్పుడు మనం నొచ్చుకున్నంతగా, ఆ యువకుడు ఆఫ్రికన్ల గురించి రాసిన చులకన మాటలకు నొచ్చుకోలేదు.

ఇంకో గుమ్మం కథ వాషింగ్టన్‌లో నడిచింది. భగత్ సింగ్ థిండ్ పంజాబీ సిక్కు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. పౌరసత్వం తెల్లవాళ్ళకు, ఆఫ్రికా సంతతికి మాత్రమే అన్న రోజులవి. ఆ చట్టమే అన్యాయమని ఆయన వాదించలేదు. తాను ఉన్నత కులం ఆర్యుడిని కనుక తెల్లవాడి కిందే లెక్కని వాదించాడు. అక్కడ తెల్లవాడు నల్లవాడిని ఎలా చూస్తాడో, పెళ్ళి విషయంలో పై కులస్థుడు ఇక్కడి ఆదివాసీని అలాగే చూస్తాడని కూడా ఆయన తరఫున కోర్టుకు చెప్పుకున్నారు. 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. పండితులు ఏమన్నా సరే, వీధిలో మామూలు మనిషి నిన్ను తెల్లవాడనడు పొమ్మంది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ళవి కూడా లాగేసుకున్నారు. అలా దేశం లేనివాడైపోయిన వైష్ణోదాస్ బగాయ్ 1928లో ప్రాణం తీసుకున్నాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ తీర్పు వచ్చిన రోజుల్లోనే బోస్టన్‌లో దిగారు. ఆస్పత్రిలో రాత్రిపూట చిన్నా చితకా పనులు చేసుకుంటూ చదివారు. ప్రపంచం మొత్తానికి మందులిచ్చిన ఆ మనిషికి పౌరసత్వం అడిగే అర్హతే 1946 దాకా రాలేదు. 1948లో కన్నుమూసేనాటికి ఆయన అమెరికా పౌరుడు కాడు.

కులం మెట్టు చూపించి రంగు మెట్టెక్కుదామనుకుంటే ఏమవుతుందో థిండ్ కేసులో తేలిపోయింది. వందేళ్ళయినా మనకు ఆ పాఠం ఎక్కలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తే వద్దన్నవాళ్ళలో మనవాళ్ళు తక్కువేం కాదు. తమ మతాన్ని వేలెత్తి చూపినట్టవుతుందన్నది వాళ్ళ భయం. ఆ భయం గురించి మాట్లాడుకోవచ్చు, తప్పులేదు. కానీ అమెరికాలో కులం ఎక్కడుందని అడిగిన గొంతులోనే, వారాంతం పార్టీలో కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి మీది ఏ ఊరు, ఊళ్ళో ఎటువైపు, మీ ఇంటిపేరేమిటి, ఫలానా వాళ్ళు మీకేమవుతారు అని ఆరా తీసే తియ్యదనమూ ఉంది. ఆ నాలుగు ప్రశ్నలు ఎందుకో అడిగేవాడికీ తెలుసు, జవాబు చెప్పేవాడికీ తెలుసు. తెలియనట్టు ఉండడం ఒక్కటే ఇద్దరికీ మర్యాద.

మన పక్షపాతం మనకెందుకు కనపడదు? ఒక కారణం, కొలబద్దను మనం చాలా దూరంగా పాతుకున్నాం. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో దళితులను నరికి చంపారు. గొడ్డళ్ళు, కత్తులు, పొలాల్లో శవాలు. అది కదా కులం అంటే! మనం గొడ్డలి పట్టలేదు కనుక మనకు కులం లేదు. అమెరికాలో ముసుగులేసుకుని శిలువలు తగలబెట్టేవాళ్ళను చూపించి, తన పేటలోకి నల్లవాణ్ణి రానివ్వని బ్యాంకు మేనేజరు కూడా ఇలాగే అనుకునేవాడు. ఘోరాలు చేసేవాళ్ళు మర్యాదస్తులకు చేసే పెద్ద ఉపకారం ఇది.

రెండో కారణం చెప్పిన మనిషి మన ఊరివాళ్ళే. మహజరీన్ బనాజీ సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగారు. నిజాం కాలేజీలో, ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్ళి మనస్తత్వ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. తెలియకుండా మనసులో పేరుకున్న ఇష్టాయిష్టాలను కొలవడానికి ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ తదితరులతో కలిసి ఆమె పనిచేసిన పరీక్ష 1998 నుంచి ప్రపంచమంతటికీ తెలుసు. తెరమీద నల్ల మొహాలు, తెల్ల మొహాలు, మంచి మాటలు, చెడ్డ మాటలు వస్తుంటాయి. చకచకా మీట నొక్కి వాటిని వేరుచేయాలి. ఏ జతకు చెయ్యి చప్పున కదిలింది, ఏ జతకు తడబడింది అన్నది సెకనులో వెయ్యోవంతుల్లో లెక్కకు వస్తుంది. ఈ పక్షపాతాల మీదే బతుకంతా పరిశోధన చేసిన బనాజీ తానే ఆ పరీక్ష రాసి, వచ్చిన ఫలితం చూసి సిగ్గుపడ్డానని బహిరంగంగా చెప్పుకున్నారు. ఒక్కొక్కరి స్కోరు వాళ్ళ నడవడిని ఎంతవరకు చెబుతుందన్న దాని మీద పండితుల్లో వాదాలున్నాయి, ఉండనివ్వండి. ఆ శాస్త్రంలో ఆరితేరిన మనిషికే తన లోపల ఉన్నది తనకు కనపడలేదంటే, పొద్దున లేచి పేపరు చదివి మంచివాళ్ళమనుకునే మనకు కనపడుతుందా?

మనసులోది మనసులోనే ఉండిపోతే ఈ సందేశం అవసరమే లేదు. అది చేతల్లోకి దిగుతుంది, లెక్కకు దొరుకుతుంది. సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ 2007లో ప్రచురించిన పరిశోధన ఇది. ఇంగ్లీషు పత్రికల్లో ప్రైవేటు కంపెనీలు వేసిన ఉద్యోగ ప్రకటనలకు ఏడాదికి పైగా దరఖాస్తులు పంపారు. అన్నింటిలో ఒకే రకం చదువు, ఒకే రకం అనుభవం. మారిందల్లా పేరే. కొన్ని పేర్లు చూడగానే పై కులమని తెలుస్తాయి, కొన్ని దళితులవి, కొన్ని ముస్లింలవి. పై కులం పేరుకు పిలుపు వచ్చే అవకాశం ఒక రూపాయి అనుకుంటే, దళిత పేరుకు అరవై ఏడు పైసలు, ముస్లిం పేరుకు ముప్పై మూడు పైసలు. ఆ దరఖాస్తులను పక్కన పెట్టిన మేనేజర్లలో ఎవరిని లేపి అడిగినా, మేం ప్రతిభ తప్ప మరేదీ చూడం అనే అంటారు. అబద్ధం ఆడుతున్నామని వాళ్ళకు తెలియదు.

ఇప్పుడు ఇంట్లోకి రండి. అపార్ట్‌మెంట్ వెనకవైపు, గిన్నెలు తోమే చోట, వాషింగ్ మెషీన్ పైన చిన్న గూట్లో ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. దాని అడుగున ఎర్రటి గోళ్ళరంగు చుక్క. మిగతా గ్లాసుల్లో కలిసిపోకుండా గుర్తన్నమాట. పనమ్మాయి వచ్చి గిన్నెలన్నీ తోమి, ఆ ఇంటి గ్లాసులన్నీ తన చేత్తోనే కడిగి, తుడిచి, వరసగా సర్దుతుంది. ఆఖర్న ఆ చుక్క గ్లాసు తీసుకుని గుమ్మం పక్కన నేలమీద కూర్చుని టీ తాగుతుంది. తన చెయ్యి పడ్డ గ్లాసులో ఇంటివాళ్ళు తాగుతారు, తన పెదవి తగిలిన గ్లాసులో తాగరు. ఇందులో శుభ్రత ఎక్కడుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అడిగితే, అబ్బే అలాంటిదేం లేదండీ, తన గ్లాసు తనకు సౌకర్యంగా ఉంటుందని, అంటారు. ఎవరి సౌకర్యం? ఇంట్లో ఆరేళ్ళ పిల్ల అటూ ఇటూ తిరుగుతూ ఇదంతా చూస్తూనే ఉంటుంది. ఆ పిల్లకు ఎవరూ కులం గురించి ఒక్క ముక్క చెప్పరు. చెప్పాల్సిన పనేముంది? చుట్టాలొచ్చినప్పుడు తొందరలో చుక్క గ్లాసులో నీళ్ళు తెచ్చిచ్చి, అమ్మ కసురు తిన్ననాడే ఆ పిల్ల చదువు పూర్తయింది.

కింద లిఫ్టు దగ్గర నోటీసు: పనివాళ్ళు, డెలివరీ వాళ్ళు సర్వీస్ లిఫ్టే వాడాలి, మీరితే జరిమానా. ఇదీ మూడో గుమ్మమే. మనం అర్జీ పెట్టకుండానే మన అసోసియేషనే తీర్మానించి పెట్టింది.

రంగు సంగతి పొడుగ్గా చెప్పను, మీ ఇళ్ళలోనే ఉంది. పుట్టిన పిల్లను చూసి, కళ్ళు బాగున్నాయి, రంగే కాస్త... అని ఆపేసే మేనత్తలు, కడుపుతో ఉన్న కోడలికి కుంకుమపువ్వు పాలిచ్చే అత్తలు, నల్లటి నటిని తెరమీదికి తెచ్చి జోకు వేసే సినిమాలు, ఆ జోకుకు మనం నవ్వే నవ్వు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ రంగును బట్టి సంబంధం వెతికే సదుపాయం తీసేసింది. మినియాపొలిస్‌లో ఒక నల్లమనిషి మెడ మీద పోలీసు మోకాలు పెడితే గానీ మన పెళ్ళిచూపుల్లో ఒక గడి చెరగలేదు. మిగతా గడులన్నీ అలాగే ఉన్నాయి.

ఇక మన నగరానికి వచ్చినవాళ్ళు. ఉస్మానియాకు, ఇఫ్లూకు చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా విద్యార్థులు టోలీచౌకి వైపు ఇళ్ళు వెతుక్కుంటారు. బస్సులో వాళ్ళ పక్క సీటు ఖాళీగా ఉన్నా మనవాళ్ళు నిలబడే వెళతారు. వాళ్ళకు తెలుగు రాకపోవచ్చు గానీ ఖాళీ సీటు అర్థమవుతుంది. నిజానికి ఈ నగరానికి ఆఫ్రికా కొత్త కాదు. నిజాం కొలువులో ఆఫ్రికా అశ్వికదళం ఉండేది, ఆ సైనికుల వారసులు ఏసీ గార్డ్స్‌లో ఇప్పటికీ ఉన్నారు. ఆ సిద్దీలూ, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులూ తెచ్చిన మర్ఫా మోగకపోతే హైదరాబాద్‌లో బారాత్ కదలదు. డప్పు మనది చేసుకున్నాం, మనిషిని చేసుకోలేదు. మణిపూర్, నాగాలాండ్, మిజోరం పిల్లలు మన బ్యూటీ పార్లర్లలో, హోటళ్ళలో పనిచేస్తున్నారు. వెనక నుంచి వాళ్ళను పిలిచే పిలుపు ఏమిటో మీకు తెలుసు, నేనిక్కడ రాయను. 2012 ఆగస్టులో దాడులు జరుగుతాయన్న పుకార్లకు భయపడి వేలమంది ఈశాన్య రాష్ట్రాలవాళ్ళు బెంగళూరు వదిలి రైళ్ళెక్కారు. హైదరాబాద్ నుంచీ వెళ్ళారు. 2014 జనవరిలో అరుణాచల్ కుర్రాడు నిడో తానియా ఢిల్లీలో, తన జుట్టును ఎగతాళి చేశారన్న గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. వాళ్ళ వంట వాసన పడదంటూ ఇల్లు ఖాళీ చేయిస్తారు మనవాళ్ళు. పక్క ఫ్లాట్‌లో ఎండుచేపల పులుసు ఉడుకుతుంటే ఆహా అంటారు. అమెరికాలో మన పిల్లవాడి టిఫిన్ బాక్స్ చూసి తోటిపిల్లలు ముక్కు మూసుకుంటే మాత్రం స్కూలుకు ఈమెయిల్ పెడతారు. పెట్టాల్సిందే, తప్పకుండా పెట్టండి. ఇక్కడ మీరు అద్దెకిచ్చిన ఇంటి విషయంలో ఆ ఈమెయిల్ ఎవరు పెట్టాలి?

మా ఇల్లు మా ఇష్టం అంటారు కొందరు. ఇల్లు మీదే. దాని ముందు రోడ్డు, దాని కింద మంజీరా నీళ్ళ పైపు, పక్కనుంచి పోతూ దాని ధర పెంచిన మెట్రో మాత్రం ఊరందరి సొమ్ము. వాళ్ళలో వాళ్ళకు మాత్రం ఎక్కువ తక్కువలు లేవా అంటారు ఇంకొందరు. ఉన్నాయి. ఈ సందేశం వాళ్ళకూ వర్తిస్తుంది, చదివి వినిపించండి. ఊరికే అడిగాం, మనసులో ఏమీ లేదు అన్నది అన్నిటికన్నా గట్టి వాదన. దానికి జవాబు పైనే చెప్పాను. మనసులో ఏముందో మనసుకు తెలియదు.

అందుకే ఎవరి మనస్సాక్షి వాళ్ళను చూసుకుంటుందని వదిలేయలేం. తన వీపు తనకు కనపడదు, పక్కవాడు చెప్పాలి. పక్కవాడు చెప్పగలిగే ఏర్పాటు అందరం కలిసి చేసుకోవాలి. ఈ పని మనకు కొత్తేమీ కాదు. ఇంటర్ పరీక్ష రాసిన పిల్లవాడి జవాబు పత్రం మీద పేరు, నంబరు ఉన్న ముక్క చించి, కోడ్ వేసి దిద్దేవాళ్ళకు పంపుతారు. ఎవరి పేపరో తెలియకుండా దిద్దుతారు. నన్ను అనుమానిస్తారా, నేను పక్షపాతినా అని ఏ లెక్చరరూ ధర్నా చేయలేదు. పేరు కనపడితే మంచివాడి చెయ్యి కూడా తడబడుతుందని ఒప్పుకునే కదా ఆ పద్ధతి పెట్టుకున్నాం! ఆ తెలివిని పరీక్ష హాల్లోనే ఎందుకు వదిలేసి వచ్చాం?

హైటెక్ సిటీలో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే చోట కూర్చున్న తెలుగువాళ్ళారా! మొదటి వడపోతలో పేరు, ఊరు, కాలేజీ, ఫొటో కనపడకుండా రెజ్యూమెలు తెప్పించుకోండి. రేపే మొదలుపెట్టవచ్చు, దీనికి ఏ ప్రభుత్వ జీవో అక్కర్లేదు. అమెరికాలో మహాసభలు జరిపే సంఘాల పెద్దలారా! రంగు పేరుతో మన పిల్లల మీద చెయ్యి పడితే మీరు ముందు నిలబడుతున్నారు, సంతోషం. మీ సంఘం నియమావళిలోనే కులవివక్ష కూడదని ఒక్క వాక్యం రాసి, సభ్యత్వ ఫారం మీద అచ్చు వేయించండి. మీ వేదిక మీద ఏ ఇంటిపేర్లవాళ్ళు కూర్చుంటున్నారో ఒకసారి మీరే లెక్క చూసుకోండి. సినిమా రాసేవాళ్ళారా! నల్లపిల్ల జోకు లేకుండా ఒక కామెడీ సీను రాయలేని కలాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి.

ఇంట్లో అయితే ఇంకా సులువు, ఇంకా కష్టం. ఆ గోళ్ళరంగు చుక్కను గీకేయడానికి నిమిషం పట్టదు. గీకేశాక ఆ గ్లాసులో మీ అత్తగారికి మజ్జిగ ఇవ్వడానికి గుండె నిబ్బరం కావాలి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా పున్నమి రోజుల్లో అన్ని కులాలవాళ్ళనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టేవాడు. ఆ కాలంలో ఆ పంక్తిలో కూర్చున్నవాళ్ళకు ఊళ్ళో మంచినీళ్ళు పుట్టకపోయే ప్రమాదం ఉండేది. అయినా కూర్చున్నారు. మనకు ఇవాళ పోయేదేముంది? పెద్దత్త రెండు రోజులు మాట్లాడకపోవడం, వాట్సాప్ గ్రూపులోంచి ఒకరిద్దరు వెళ్ళిపోవడం. ఆ ధర కట్టలేని మంచితనం దేనికి?

ఒక్కరే నోరు తెరిస్తే గ్రూపు మొత్తం అతని మీద పడుతుందని నాకు తెలుసు. ఇద్దరు కండి. ఫలానా జోకు వచ్చినప్పుడు, ఇది బాగోలేదని మొదటివాడు అంటాడు. అవును, నాకూ బాగోలేదని వెంటనే రెండోవాడు అనాలి. ఆ రెండో గొంతే ఇన్నాళ్ళూ లేనిది. మొదటి గొంతులు మనలో ఎప్పుడూ ఉన్నాయి. ఒంటరిగా అరిచి, నవ్వులపాలై, ఊరుకున్నాయి. మన చుట్టూ ఉన్న మంచివాళ్ళందరూ ఒక్కసారి ఆ రెండో గొంతులైతే ఎన్ని గ్రూపుల్లో, ఎన్ని పెళ్ళి పందిళ్ళలో, ఎన్ని ఆఫీసు క్యాంటీన్లలో ఆ జోకు సగంలో ఆగిపోతుందో ఊహించుకోండి!

వచ్చే ఆదివారం మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు ఉంటుంది. నీళ్ళ ట్యాంకరు, సీసీ కెమెరాలు, పార్కింగ్ గొడవ ఎటూ ఉంటాయి. వాటికంటే ముందు మూడు తీర్మానాలు పెట్టించండి. ఈ భవనంలో ఫ్లాటు అద్దెకిచ్చేటప్పుడు కులం, మతం, రంగు, ప్రాంతం అడగం. లిఫ్టులు అందరివీ, ఆ నోటీసు ఈ రోజే చింపేస్తాం. ఇల్లు కాదన్నప్పుడు కారణం రాతపూర్వకంగా చెబుతాం. ఇలాంటివి ఇప్పుడెందుకండీ అని ఎవరో ఒకరు అంటారు. చర్చ జరగనివ్వండి, ఓటింగు పెట్టండి. ప్రతిపాదించినవాళ్ళ పేరు, బలపరిచినవాళ్ళ పేరు, వద్దన్నవాళ్ళ పేరు, ఫ్లాట్ నంబర్లతో సహా మినిట్స్ పుస్తకంలో రాయించి, అందరి చేతా సంతకాలు పెట్టించండి.